త్రేన్పు అపచారము కాదు



మన పాతబస్తీ ఇండ్లలో చిరకాలముగా మధుమేహముతో బాధపడు పెద్దలు కొందరు దాసోహపు పంక్తికి వచ్చుటకు వెనుదీయుదురు. పదిమంది నడుమ త్రేన్పులు వచ్చునని సిగ్గు.

యోగశాస్త్రము దశవాయువులలో నాగవాయువునకు త్రేన్పును పనిగా చెప్పినది. దేహమును దేవాలయముగా భావించిన బసవేశ్వరుని బాటలో నడుచువారికి అందలి గాలి ఏల అశుచి కావలెను?

వైద్యుల మాటయు వినుడు. త్రేన్పుగా వెలువడునది చాలవరకు మనము తెలియక మ్రింగిన గాలియే. ఆత్రముగా తినుట దానిని పెంచును. గోలీసోడా త్రాగించి, త్రేన్పు వచ్చినదని సంతోషించువారున్నారు. పోసిన గాలియే తిరిగి వచ్చినదని ఎరుగరు! మధుమేహము ముదిరిన కొందరికి నరములు చెడి అన్నము కడుపులో చాలసేపు నిలిచిపోవును.

ఇచ్చటనే చిక్కు. ప్రసాదమును పారవేయరాదని మన నియమము. అందుచే ఆ పెద్దలు పళ్ళెములోనిదంతయు బలవంతముగా తిని, రాత్రియెల్ల నిదురలేక కూర్చుందురు. తప్పు వారిది కాదు, వడ్డించిన చేతిది. గరిటెడు పెట్టుడు, కొంతసేపటికి మరల పెట్టవచ్చును. తిన్న వెంటనే పడుకొననీయకుడు.

బరువు తగ్గినను, మలము నల్లబడినను, మ్రింగుడుపడకున్నను ఆలస్యము వలదు. మూసీ ఒడ్డున 1925 నాటి ఉస్మానియా ఆసుపత్రి మనకు దూరము కాదు. ఎదలో బిగువుతో, చెమటతో త్రేన్పులు వచ్చినచో అది గుండెపోటు కావచ్చును. గ్యాసని వాము నమలించుచు కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయుడు.