పసిముఖం చాటున ఎవరి గొంతు?

రాజకీయ ప్రచారంలో పసిపిల్ల ముఖం కనిపించగానే వాదన ఆగిపోతుంది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పవచ్చు, వాళ్ల లెక్కలు తప్పని నిరూపించవచ్చు. "మా బిడ్డల కోసం" అన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు మాత్రం బిడ్డలకే ఎదురు నిలిచినట్టు కనిపిస్తారు. పిల్లల్ని ప్రచారంలోకి తేవడం తప్పా, ఒప్పా అనే చర్చతో సరిపెట్టుకుంటే చాలదు. ఆ ముఖం చాటున మాట్లాడుతున్నది ఎవరు, నోరు మూతపడుతున్నది ఎవరికి అని కూడా స్త్రీవాదులుగా మనం అడగాలి.

2008 నాటి కాలిఫోర్నియానే తీసుకుందాం. ఆ ఏడాది మేలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చింది. ఆ హక్కును రద్దు చేయడానికి నవంబరులో ఓటింగుకు వచ్చిందే ప్రపోజిషన్ 8. దాన్ని బలపరిచినవాళ్లు వేసిన ఒక టీవీ ప్రకటనలో ఒక చిన్నపిల్ల పుస్తకం పట్టుకుని బడి నుంచి ఇంటికొస్తుంది. రాజకుమారుడు మరో రాజకుమారుణ్ణి పెళ్లాడిన కథ నేర్చుకున్నామనీ, తానూ రాజకుమారిని పెళ్లాడవచ్చనీ తల్లితో సంబరంగా చెబుతుంది. తల్లి నిర్ఘాంతపోతుంది. ఆ తర్వాత ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్ తెరమీదికొచ్చి ఇదంతా నిజంగా జరుగుతోందని హెచ్చరిస్తాడు. ఎవరికి ఏ పాత్ర దక్కిందో గమనించండి. పిల్లకి అమాయకత్వం, తల్లికి భయం, మగ ప్రొఫెసర్‌కి జ్ఞానం. ఓటరైన స్త్రీని ఆ ప్రకటన పౌరురాలిగా కాక కంగారుపడే తల్లిగా మాత్రమే పలకరించింది.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. 1977లో ఫ్లోరిడాలో స్వలింగ సంపర్కులకు రక్షణనిచ్చే స్థానిక చట్టాన్ని రద్దు చేయించడానికి గాయని అనితా బ్రయంట్ నడిపిన ఉద్యమం పేరే 'సేవ్ అవర్ చిల్డ్రన్'.

రాజకుమారి గురించి మాట్లాడిన పిల్ల నటి. 2008 అక్టోబరులో వచ్చిన మరో ప్రకటనలో ఉన్నవాళ్లు నిజం పిల్లలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకటో తరగతి పిల్లలు తమ టీచరమ్మ మరో స్త్రీని పెళ్లాడుతుంటే చూసి ఆశీర్వదించడానికి వెళ్లారు. వార్తల కోసం తీసిన ఆ దృశ్యాలను ప్రపోజిషన్ 8 సమర్థకులు తమ ప్రకటనలో వాడుకున్నారు. టీచరు మీద ప్రేమతో వెళ్లిన పిల్లల ముఖాలు ఆ టీచరు పెళ్లి చెల్లదనే ప్రచారానికి సాక్ష్యాలయ్యాయి. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. పిల్లల్ని పెళ్లికి పంపడానికి ఒప్పుకున్న ఏ తల్లీ ఈ ప్రకటనకు ఒప్పుకోలేదు కదా! దాదాపు 52 శాతం ఓట్లతో ప్రపోజిషన్ 8 నెగ్గింది. 2013లో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. రాజ్యాంగంలో మిగిలిపోయిన ఆ వాక్యాన్ని కాలిఫోర్నియా ఓటర్లు తొలగించింది 2024లోనే.

తల్లిదండ్రుల అనుమతి ఉంటే సరిపోతుందా? నాకలా అనిపించదు. బిడ్డ ఒక పూట నటించడానికి తల్లి ఒప్పుకోవచ్చు, కానీ ఆ బిడ్డ పెద్దయ్యాక ఏర్పరచుకోబోయే అభిప్రాయాన్ని ఇప్పుడే రాసివ్వలేదు. పదేళ్ల తర్వాత ఆ పిల్లే మరో స్త్రీని ప్రేమిస్తే? తనకు వ్యతిరేకంగా తన ముఖమే ప్రచారం చేసి ఉంటుంది. పెద్దవాళ్లం మన మాట వెనక్కి తీసుకోగలం. ఆ మాట అననే అనని పిల్ల దేన్ని వెనక్కి తీసుకుంటుంది?

మరి మనకు నచ్చిన ఆశయం కోసమైతే? ఇక్కడే మనకూ ఇబ్బంది మొదలవుతుంది. బాల్యవివాహాలకు, భ్రూణహత్యలకు వ్యతిరేకంగా వేసే పోస్టర్ల మీద దీనంగా చూసే ఆడపిల్ల మనకూ అలవాటే. 2015లో మొదలైన 'బేటీ బచావో బేటీ పఢావో' సంగతి చూడండి. 2016 నుంచి 2019 దాకా దానికి విడుదలైన 446.72 కోట్ల రూపాయల్లో 78.91 శాతం మీడియా ప్రచారానికే ఖర్చయిందని 2021లో పార్లమెంటరీ కమిటీ ఎత్తిచూపింది. ఆశయాన్ని తప్పుపట్టలేం. కానీ గోడ మీద నవ్వే ఆడపిల్ల బడిలో ఉన్న ఆడపిల్లకు బదులు కాగలదా?

పిల్లల్ని రాజకీయాల దరిదాపులకే రానివ్వకూడదని తేల్చేస్తే ఆ భారం పడేది మళ్లీ స్త్రీల మీదే. 2019-20 చలికాలంలో షాహీన్‌బాగ్‌లో పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా కూర్చున్న తల్లుల ఒళ్లో బిడ్డలున్నారు. ఆ నిరసనకు తీసుకెళుతూ వచ్చిన నాలుగు నెలల పసివాడు చనిపోయాక, అంత చిన్నబిడ్డ నిరసనకు వెళతాడా అని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అడిగింది. ఆ మరణాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ బిడ్డను ఎవరి దగ్గర వదిలి రావాలన్న ప్రశ్న ఉద్యమాల్లో తిరిగే మగవాళ్లకు ఎన్నడూ ఎదురు కాలేదు. బిడ్డను వదలలేక వెంట తెచ్చుకున్న తల్లినీ, ఓటు కోసం ఎవరి బిడ్డనో తెరకెక్కించిన పార్టీనీ ఒకే గాటన కట్టలేం. ఎన్నికల ప్రచారంలో పిల్లల్ని ఏ రూపంలోనూ వాడొద్దని 2024 ఫిబ్రవరిలో ఆదేశించిన మన ఎన్నికల సంఘం కూడా, ప్రచారంలో పాలుపంచుకోకుండా తల్లిదండ్రుల వెంట కేవలం ఉండటాన్ని ఉల్లంఘనగా చూడబోమని చెప్పింది.

1963 మేలో బర్మింగ్‌హామ్‌లో బడులు వదిలి జాతి వివక్షకు వ్యతిరేకంగా నడిచిన నల్లజాతి పిల్లల మీద పోలీసులు కుక్కల్ని వదిలారు, నీటి గొట్టాలు తిప్పారు. పిల్లల్ని ముందు పెట్టారని నాయకుల్ని మాల్కం ఎక్స్ విమర్శించాడు. ఆ విమర్శకు బలముంది. అయినా ఆ పిల్లలు నడిచింది తమ బతుకు కోసమే. ఆ వివక్షను రోజూ అనుభవిస్తున్నది వాళ్లే.

అందుకే ఏ ప్రకటన చూసినా మనం అడగవలసినవి మూడు. ఈ విషయం ఆ పిల్ల బతుక్కి సంబంధించిందేనా? రాసిచ్చింది కాక మరో మాట చెప్పే వీలు ఆమెకుందా? రేపు ఆమె వద్దంటే ఆ బొమ్మను తీసేసే వాళ్లున్నారా? ఈ ప్రశ్నలు ఎదుటి పక్షాన్ని అడగడం సులువే. మన పోస్టరు అచ్చుకు పంపేముందు కూడా అడగాలి. దానివల్ల మన పోస్టరు కాస్త తక్కువ కదిలించవచ్చు. అప్పుడు మన వాదనే దాన్ని నిలబెట్టాల్సి వస్తుంది.