బరువు ఎవరిది?

మా సీమలో యాభై దాటిన ఆడవాళ్లు దేవుణ్ణి అడిగే కోరిక ఒకటుంది. ఎవరికీ బరువు కాకుండా పోవాల. మంచాన పడకుండా, ఒకరి చేత చేయించుకోకుండా కన్ను మూయాల. మా అవ్వ నోట ఈ మాట విన్నాను. పెద్దమ్మల నోట, ఇరుగుపొరుగు ఆడవాళ్ల నోట విన్నాను. మగవాళ్ల నోట మాత్రం చాలా అరుదుగా విన్నాను. మంచాన పడితే చూసే మనిషి ఇంట్లో ఉంటుందన్న భరోసా వాళ్లకి పుట్టుకతోనే ఉంటుంది. ఆ చూసే మనిషే మంచాన పడితే ఏమవుతుందన్నది ఆడవాళ్ల భయం. అందుకే ఆ కోరికలో భక్తి కంటే అనుభవం ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఒకరి మీద ఆధారపడి బతకడం నైతికంగా అప్పులాంటిదా? అప్పయితే తీర్చే దారి లేనివాళ్లు ఏం చెయ్యాలి? నాలుగేళ్లుగా నేను ఈ ప్రశ్నలతోనే బతుకుతున్నాను.

నాకు ముప్పై ఆరేళ్లు. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. రెండు కిడ్నీలూ పని మానేశాక హైదరాబాదులో చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగం వదిలి డోన్‌లో అమ్మ దగ్గరికి వచ్చేశాను. వారానికి మూడుసార్లు కర్నూలు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాను. పోయేటప్పుడు యాభై కిలోమీటర్ల పైచిలుకు, వచ్చేటప్పుడు అంతే. మధ్యలో యంత్రం పక్కన నాలుగు గంటలు. కిడ్నీ జబ్బు ఎముకల్ని కూడా తినేస్తుందని చాలామందికి తెలియదు. నా తుంటి ఎముకలు బలహీనపడ్డాయి. వాకర్ లేకుండా పది అడుగులు వెయ్యలేను. డోన్ పెద్ద రైల్వే జంక్షన్. కర్నూలు, గుత్తి, నంద్యాల దారులు ఇక్కడే కలుస్తాయి. కానీ రైలు పెట్టె మెట్టు ఎత్తు నా కాలికి అందదు. అందుకని మరో ఇద్దరు రోగులతో కలిసి కారు బాడుగ పంచుకుంటాం.

డయాలసిస్‌కు పోయినప్పుడల్లా మొదట చేసే పని బరువు తూచడం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. దానికంటే ఎంత ఎక్కువ తూగితే అంత నీరు లాగెయ్యాలి. మూత్రం దాదాపు రాని నాలాంటివాళ్లు రోజుకు అర లీటరు, మహా అయితే ముప్పావు లీటరు మించి నీళ్లు తాగకూడదు. నంద్యాల జిల్లా ఎండల్లో అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. ఇంకో పక్క చూస్తే, యంత్రంలో నిమిషానికి అర లీటరు చొప్పున ద్రవం ప్రవహిస్తుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. ఏడెనిమిది బిందెల శుద్ధి చేసిన నీరు నా రక్తం పక్కగా పారి కాలవలోకి పోతుంది. బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు కొట్లాడుకునే కరువు నేల మీద పుట్టినదాన్ని. ఈ లెక్క వేసుకున్న మొదటిరోజు నేను నిజంగానే బరువని అనిపించింది.

ఫిస్టులా ఉన్న ఎడమచేత్తో బరువులెత్తకూడదు. బిగుతు గాజులు వేసుకోకూడదు. ఆ చెయ్యి మొయ్యాల్సినవన్నీ అమ్మ మోస్తుంది. అమ్మకు యాభై ఎనిమిది. నా కూర వేరు, ఆమె కూర వేరు. పొటాషియం తగ్గాలని నా కూరగాయలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ ఉడికించి ఆ నీళ్లు కూడా పారబోస్తుంది. గోంగూర లేదు, టమాటా లేదు, చెనక్కాయల ఊరిబిండి లేదు. నేను తినలేనని ఆమే మానేసింది. డయాలసిస్ అయిన రాత్రి నాకు పక్కకు తిరిగే ఓపిక ఉండదు. ఆమె నిద్ర నా దగ్గుని బట్టి ఉంటుంది.

ప్రభుత్వ పథకం కింద నాకు డయాలసిస్ ఉచితంగా జరుగుతుంది. రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇది చిన్న విషయం కాదు. ఇది లేకపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. కానీ ఆ లెక్కలో ఉన్నది నేను, యంత్రం, మందులు. అమ్మ ఏ కాలమ్‌లోనూ లేదు. వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో కిడ్నీ వైఫల్యం లేదు. గుర్తింపు లేని అలసట నాది. నా అలసటను మోసే అలసట అమ్మది. దానికైతే పేరు కూడా లేదు.

ఎవరు బతకడానికి తగినవాళ్లు అన్న లెక్క డయాలసిస్ చరిత్రలో బాహాటంగానే జరిగింది. 1962లో అమెరికాలోని సియాటిల్‌లో దీర్ఘకాలిక డయాలసిస్ కేంద్రం మొదలైనప్పుడు యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురు సామాన్య పౌరులతో ఒక కమిటీ వేశారు. వయసు, ఆడా మగా, పెళ్లయిందా, ఎంతమంది ఆధారపడి ఉన్నారు, ఆదాయమెంత, చదువేమిటి, ఉద్యోగమేమిటి అన్నవన్నీ ఆ కమిటీ చూసింది. అదే ఏడాది షానా అలెగ్జాండర్ అనే పాత్రికేయురాలు లైఫ్ పత్రికలో ఈ సంగతి రాశాక పెద్ద దుమారం రేగింది. పదేళ్లకు, 1972లో, అమెరికా డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమాలోకి తెచ్చింది.

పెళ్లి లేదు, పిల్లల్లేరు, ఉద్యోగం లేదు. ఆ కమిటీ ముందు నా ఫైలు నిలబడేది కాదు. మన దగ్గర అలాంటి కమిటీ కూర్చోదు. కూర్చునే అవసరం రాకుండానే ఇళ్లల్లో తేలిపోతుంది. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగితే అందులో ఆడవాళ్లకు దక్కినవి 6,945. అయిదింట ఒకటి కూడా లేదు. ఆడవాళ్లకు జబ్బు తక్కువని సరిపెట్టుకోవడానికి లేదు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ప్రపంచమంతా చూస్తే ఆడవాళ్లలోనే కొంచెం ఎక్కువ. బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో మాత్రం మన దేశంలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. ఎదురుచూసే జాబితాలో ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇమ్మని ఆ సంస్థే 2025లో సూచించాల్సి వచ్చింది.

ఈ అంకెలు చదివినదాన్ని కాబట్టే, అమ్మ తన కిడ్నీ ఇస్తానన్నప్పుడు నేను వెంటనే వద్దన్నాను.

"నేనిచ్చేది నా ఒంట్లోది. దానికి నీ అనుమతేంది పాపా?" అంది అమ్మ.

నా దగ్గర జవాబు లేదు. తల్లి ఇవ్వడం సహజమని నేర్పిన సమాజంలో తల్లి 'సరే' స్వేచ్ఛగా వచ్చిందని ఎలా నమ్మాలి? నమ్మకపోతే, ఆమెకు సొంత నిర్ణయం ఉండదని నేనూ ఒప్పుకున్నట్టే కదా? 2014 నాటి అవయవ మార్పిడి నిబంధనలు కూడా ఈ ముడి దగ్గరే ఆగాయి. దాత స్త్రీ అయితే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆమె స్వతంత్రంగానే ఒప్పుకుందని గ్రహీత కాక మరొకరు ధృవీకరించాలని అవి చెబుతాయి. ఆడదాని ఒప్పుకోలు వెనక వేరేవాళ్ల గొంతు ఉండొచ్చని చట్టానికి తెలుసు. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా ఆ గొంతు ఆమె లోపలే వినిపిస్తుంటే ఏం చెయ్యాలన్నది చట్టం చేతిలో లేదు.

తమ్ముడి పేరు బంధువులెవరూ ఎత్తలేదు. వాడికి సంసారం ఉందన్నారు. "మీ అమ్మకింక ఏం పనుంది?" అని ఒకావిడ అంది. పొద్దున్నే లేచి రెండు పొయ్యిల మీద రెండు వంటలు చేసే మనిషి గురించి ఆ మాట. సియాటిల్ కమిటీ డోన్‌లో మా వరండాలోనే కూర్చుందనిపించింది.

అమెరికన్ తత్త్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో రాసిన లవ్స్ లేబర్ నాకు ఇక్కడ పనికొచ్చింది. తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న కూతురు సేషాను పెంచిన అనుభవం ఆ పుస్తకం వెనక ఉంది. ఆధారపడటం మనిషి బతుకులో అపవాదం కాదని, అందరూ ఏదో ఒక దశలో అక్కడ ఉంటారని ఆవిడ వాదన. చూసుకునే మనిషి ఆ పనిలో తనను తాను చూసుకోలేదు గనక, ఆమెను చూసుకునే బాధ్యత మరొకరికి, మొత్తంగా సమాజానికి ఉంటుందంటారు. బిడ్డను చూసుకునే బాలింతను చూసుకునే మంత్రసానిలాంటి మనిషిని ఆవిడ ఉదాహరణగా తీసుకున్నారు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. పుట్టింటి పురుడు అంటే ఇదే. కూతురు బిడ్డను చూసుకుంటుంది, తల్లి కూతుర్ని చూసుకుంటుంది. పథ్యం వండుతుంది, నీళ్లు పోస్తుంది, రాత్రిళ్లు మేలుకుంటుంది. ఆ మూడు నెలల్లో కూతుర్ని బరువని ఎవరూ అనరు. అమ్మ ఇప్పుడు నాకు చేస్తున్న చాకిరీ కూడా అదే. పథ్యం, నీళ్ల లెక్క, నిద్ర లేని రాత్రి. మరి ఇదెందుకు బరువైంది? వంశానికి బిడ్డనిచ్చిన మంచానికి ఆచారం ఉంది, గౌరవం ఉంది. పెళ్లి కాని ఆడదాని జబ్బు మంచానికి ఏ ఆచారమూ లేదు. పురుడు కూడా ఆడవాళ్లు ఆడవాళ్లకు చేసేదే. ఆ గొలుసు చివర ఉన్న తల్లిని ఎవరు చూస్తారని ఆచారం ఎన్నడూ అడగలేదు.

నేను చేరుకున్న చోటు ఇది. తీసుకోవడం తప్పు కాదు. నా బతుకు ఖరీదు నేను రుజువు చేసుకోనక్కర్లేదు. ఇచ్చేవాళ్లను ఖాళీ చేతులతో వదిలేసే అమరిక మాత్రం తప్పు. అందుకే అమ్మతో 'వద్దు' అనడం మానేశాను. 'సరే' అని కూడా అనలేదు. ఒక్కటే అడిగాను. ఆపరేషనయ్యాక ఇద్దరం మంచం మీదుంటాం. అప్పుడు గంజి కాచేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే గాని, అమ్మ ఇచ్చేది దానమో, ఆమె నుంచి రాబట్టుకునేదో నేను తేల్చుకోలేను. నేను ఆమెకు 'సరే' చెప్పలేను.

ఇదే ప్రశ్న తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను. కిడ్నీ గురించి అడుగుతాననుకున్నట్టున్నాడు, కాసేపు మాట్లాడలేదు. పోయిన నెల పది రోజులు సెలవు పెట్టి వచ్చాడు. కూరగాయలు నానబెట్టి నీళ్లు వంపడం, నా మాత్రల వేళలు, వాకర్ పట్టుకుని నన్ను కారెక్కించడం నేర్చుకున్నాడు. కూర మొదటిరోజు మాడింది. ఆ పది రోజుల్లో రెండు మధ్యాహ్నాలు అమ్మ నిద్రపోయింది. రక్త పరీక్ష సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.