విరిగిన ఎముక, వదలని పొగ

దివ్య ఖుర్ఆన్ పునరుత్థానాన్ని గురించి చెప్పేటప్పుడు ఎముకలను పదే పదే జ్ఞాపకం చేస్తుంది. శిథిలమైన ఎముకలకు ఎవడు ప్రాణం పోస్తాడని ఎగతాళి చేసిన అవిశ్వాసి ప్రస్తావన సూరయె యాసీన్‌లో ఉంది. నూరేళ్ళ తరువాత లేపబడిన ఒక వ్యక్తికి, అతని గాడిద ఎముకలు లేచి కూడుకొని వాటిపై మాంసం కప్పబడటం చూపించిన వృత్తాంతం సూరయె బఖరాలో ఉంది. వృద్ధాప్యంలో సంతానం కోసం వేడుకున్న హజ్రత్ జకరియ్యా (అ) మొట్టమొదట విన్నవించుకున్నది తన ఎముకల బలహీనతనే. ఈ ఆయతులను మనం చదువుతాము, విశ్వసిస్తాము. కాని ఎముకను ఎముకతో కలిపే ఆ ప్రభువు మహిమ మన ఇళ్ళలోనే, ప్లాస్టర్ కట్టు కింద, నిశ్శబ్దంగా జరుగుతూ ఉందని గమనించము.

మలక్‌పేటలో ఒక తండ్రి జుమా తరువాత మా దగ్గరకు వచ్చారు. ఆయన కుమారుడు ఆటో నడుపుతాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు జరిగిన ప్రమాదంలో పిక్క ఎముక విరిగింది. ఎనిమిది నెలలు దాటినా అతుకు పడలేదు. తల్లి గాజులు తాకట్టులో ఉన్నాయి. పిల్లవాడు కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నాడు. మళ్ళీ ఆపరేషను చేయాలన్న డాక్టరు, రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతావని అడిగాడట. “మౌలానా సాబ్, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, కాలికి ఏమిటి సంబంధం?” అన్నది ఆ తండ్రి ప్రశ్న.

సంబంధం ఉంది. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డే తొలి పునాది. దానిలోకి సన్నని కొత్త రక్తనాళాలు పాకుతాయి. వాటి వెంట వచ్చే కణాలు ముందు మెత్తని అతుకును వేస్తాయి, క్రమంగా అందులో సున్నపు ధాతువు నిండి గట్టిపడుతుంది. ఎముకను కట్టే కణాలను వైద్యులు ఆస్టియోబ్లాస్టులు అంటారు. ఎక్కువైన దాన్ని చెక్కి సాపు చేసే కణాలు ఆస్టియోక్లాస్టులు. మేస్త్రీలూ వారే, చెక్కేవారూ వారే. మన చేత ఒక్క ఇటుక కూడా పెట్టించరు. డాక్టరు రాడ్డు వేసినా, నగరంలో వీధివీధినా బోర్డులు కనిపించే పుత్తూరు కట్టు కట్టించినా, అది ఎముకను కదలకుండా నిలపడం వరకే. అతికించే పని ఈ కణాలది, వాటిని నియమించిన అల్లాహ్‌ది.

ఇప్పుడు పొగ ఏమి చేస్తుందో చూడండి. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గంజ్‌కు లారీలు రాకుండా దారి మూస్తే దుకాణాల గతి ఏమవుతుందో, విరిగిన చోట పనిచేసే కణాల గతి అదే. పొగలోని సైనైడ్ విషం, అందిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడా కణం వాడుకోనివ్వదు. తారులోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు ఎముకను కట్టే కణాలు ఎదగకుండా అడ్డుపడతాయి. కాడ్మియం అనే లోహం శరీరంలో ఏళ్ళ తరబడి పేరుకుని ఎముకను గుల్లచేస్తుంది. పొగాకు పొగలో ఇలాంటి రసాయనాలు 7,000కు పైగా ఉన్నాయంటారు.

అమెరికాలో పిక్క ఎముక విరిగి పైకి గాయమైన రోగులను పరిశీలించి 2005లో ప్రకటించిన ఫలితాలలో, పొగ తాగేవారికి ఎముక అతుక్కునే అవకాశం తాగనివారికంటే 37 శాతం తక్కువగా తేలింది. ఎముకకు చీము పట్టే ప్రమాదం మూడు రెట్లకు పైగా పెరిగింది. పూర్వం తాగి మానేసినవారిలో కూడా కొంత నష్టం మిగిలే ఉంది.

“సిగరెట్టు హరామ్ అని ఖుర్ఆన్‌లో ఎక్కడుంది?” అని యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. పొగాకు ముస్లిం దేశాలకు చేరిందే పదహారవ శతాబ్దం చివరలో. అప్పటి ఉలమాలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. 1731లో మరణించిన డమాస్కస్ పండితుడు అబ్దుల్ గనీ నాబులుసీ అది ధర్మసమ్మతమేనని గ్రంథమే వ్రాశారు. కొందరు మక్రూహ్ అన్నారు, కొందరు హరామ్ అన్నారు. కాని హాని నిరూపణ కాని రోజుల్లో ఇచ్చిన తీర్పును, హాని ఎక్స్‌రేలో కంటికి కనబడుతున్న రోజుల్లో సాకుగా తెచ్చుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. మనకు మనం గాని, ఇతరులకు గాని హాని తలపెట్టరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. చనిపోయిన విశ్వాసి ఎముకను విరవడం సైతం బ్రతికున్నవాని ఎముక విరిచినట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మట్టిలో కలిసే ఎముకకే అంత గౌరవం ఉంటే, అతుక్కోవడానికి పెనుగులాడుతున్న ఎముక మాట ఏమిటి?

మనిషి దేహంలో 360 కీళ్ళున్నాయనీ, ప్రతి ఉదయం వాటి తరఫున సదఖా చెల్లించవలసి ఉందనీ సహీహ్ ముస్లిం హదీసులలో ఉంది. రెండు రకాతుల చాష్త్ నమాజు దానికి చాలుతుందని కూడా ప్రవక్త (స) తెలిపారు. ఆ రెండు రకాతులు నిలబడి చేయలేని స్థితి ఆ ఆటో పిల్లవానిది.

హుక్కాలో నీళ్ళు పొగను కడిగేస్తాయని నమ్మేవారు మన మొహల్లాలలో ఇంకా ఉన్నారు. నీళ్ళు పొగను చల్లబరుస్తాయి, అంతే. బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా రక్తంలో చేరుతుంది. హుక్కా పార్లర్లను నిషేధిస్తూ 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ బిల్లు ఆమోదించింది. ఇంటి మేడపై పెట్టుకున్న హుక్కాను ఏ చట్టం వచ్చి తీస్తుంది?

తాగనివారికి కూడా కొంత ముప్పు ఉంది. హైదరాబాదు శివారులోని 28 గ్రామాలలో 3,717 మందిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, గాలిలో సన్నని ధూళి ఎక్కువగా ఉన్నచోట నడుము, తుంటి ఎముకల్లో ధాతువు తక్కువగా ఉన్నట్లు 2020లో ప్రకటించారు. వంటచెరకు పొగకు ఎముకతో అటువంటి సంబంధం మాత్రం అందులో కనబడలేదు. రోడ్డుమీది గాలి మన ఒక్కరి చేతిలో లేదు. జేబులోని పెట్టె ఉంది.

ఆ తండ్రికి మేము చెప్పింది ఇది. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే కార్బన్ మోనాక్సైడ్ రక్తం నుండి వెళ్ళిపోతుంది. ఆపరేషనుకు కనీసం నాలుగు వారాల ముందు మానాలని వైద్యులు కోరుతారు, అతుకు పడేదాకా మళ్ళీ ముట్టరాదు. ఎన్ని తాగేవాడో డాక్టరుకు ఒకటి తగ్గించకుండా చెప్పాలి. నికోటిన్ పట్టీలు, బిళ్ళలు కూడా ఆయనను అడిగే వాడాలి. పరామర్శకు వచ్చే స్నేహితులు దుఆ చేసి వెళ్ళాలి, గుమ్మం బయట నిలబడి సిగరెట్టు అందించి కాదు. ఆ చివరి మాట తాను చెబితే ఎవరూ వినరనీ, మస్జిదులో మమ్మల్నే చెప్పమనీ ఆయన కోరారు.