ఆకలి లేని కడుపు

మా మామిడిపల్లి ఇళ్లమీదుగా విమానాలు శంషాబాద్‌లో దిగుతుంటాయి. ఆ మోతలోనే మా అత్తమ్మ గీత పదిహేనో అధ్యాయం చదువుకుంటుంది. చదవందే ముద్ద ముట్టదు. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి నాలుగు విధాల అన్నాన్ని తానే పచనం చేస్తున్నానని కృష్ణుడు చెప్పింది అందులోనే.

నేను కెమిస్ట్రీ టీచర్ని. ఆ పచనాన్ని గాజుకుప్పెలో చేసి చూస్తారని నాకు తెలుసు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి గార్లు రూపొందించి 1978లో ప్రచురించిన పద్ధతి అదే. తిండిని మెత్తగా నూరి పెప్సిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతారు. పీహెచ్ 1.35. అది జఠరం. ఆ తర్వాత 7.5కు తెస్తారు. అది చిన్నపేగు. వడగట్టిన ద్రవంలో ఎంత ఇనుము అయాన్లుగా విడివడిందో కొలుస్తారు. తిండిలో ఉన్నదంతా బయటికి రాదు. గింజల్లోని ఫైటేట్లు, టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి.

ఇది దైవాన్ని చిన్నబుచ్చడమని నేననుకోను. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును 15 రోజులు నీళ్లమీదే ఉంచి, నేర్చిన వేదం చెప్పమన్నాడు. గుర్తు రాలేదు. తిన్నాక వచ్చింది. మనసు అన్నమయమని ఊరికే నమ్మమనలేదు, చేసి చూపించాడు. పరీక్షకు బెదిరే భక్తి మనకెందుకు?

కుప్పె సంగతి చెబితే అత్తమ్మ ఒక్కటే అడిగింది: “దానికి ఆకలైతదా బిడ్డా?”

కాదు. నన్ను ఆలోచనలో పడేసిందీ అదే. నరసింగరావు గారి కుప్పె చెప్పిన అంకె వయోజన పురుషుల దేహాలు తీసుకున్న ఇనుముతో దగ్గరగా సరిపోయింది. అదే తిండి రక్తహీనత ఉన్న ఆడమనిషి తింటే ఆమె పేగు ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. నిల్వలు నిండినవారిలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి ఆ దారి మూయిస్తుంది. అన్నం ఎంత ఇవ్వగలదో కుప్పె చెబుతుంది; ఎంత కావాలో దేహానికే తెలుసు. ఆ ఎరుకనే నేను వైశ్వానరుడంటాను.

అయితే అన్నం వదలని ఇనుమును ఎంత ఆకలిగొన్న దేహమైనా అందుకోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులే. అమ్మలారా, తోటకూర పప్పు దించాక, అందులోని ఇనుము ఒంటికి అందేలా నిమ్మకాయ పిండండి. అన్నం తినగానే టీ తాగకండి.