బద్ర్‌కు వెళ్ళని ఉస్మాన్ (రజి)

 

గండికోట దాపులనున్న ఒక పల్లెలో స్త్రీల సమావేశం ముగిశాక, పరదా వెనుక నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్నే ఈనాటి మన విషయం. ఆమె కొడుక్కు తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిన్నది. మెడ నిలవదు, మాట రాదు. మింగలేడు గనుక ముక్కు గొట్టం గుండానే పాలూ జావా పోయాలి. మూర్ఛలు కూడా ఉన్నాయి. తండ్రి కువైట్‌లో డ్రైవరు. "మౌలానా! నేను తరావీహ్‌కు నిలబడి ఏళ్ళయింది. ఖుర్ఆన్ తెరిస్తే వాడు దగ్గుతాడు, లేచి వెళ్తాను. అల్లాహ్ దగ్గర నా ఖాతాలో ఏం మిగులుతుంది?" అని ఆమె అడిగింది.

అమ్మా, బద్ర్ సంగతి గుర్తుచేసుకో. హిజ్రీ 2వ సంవత్సరం, రమజాన్ మాసం. ఇస్లాం చరిత్రలో ఆ దినానికి ఉన్న ఘనత మనందరికీ తెలిసిందే. ఆ దినాన హజ్రత్ ఉస్మాన్ (రజి) రణరంగంలో లేరు. ఆయన భార్య, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమె దగ్గర ఉండి సేవ చేయమని ప్రవక్త (స) స్వయంగా ఆయన్ను మదీనాలో ఆపారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యమూ, సమరసొత్తులో వాటా రెండూ ఆయనకు ఉంటాయని చెప్పారు. ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్యా (రజి) కన్నుమూశారు. రోగి బతకలేదు, అయినా సేవకు లభించిన వాటా తగ్గలేదు.

సేవ ఆడవాళ్ళ పని అనుకునే మగవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ రోజు మంచం దగ్గర ఆపబడినది ఒక పురుషుడు, తరువాతి కాలంలో ఖలీఫా అయిన మహనీయుడు.

ఇక నమాజు మాట. వెనుక వరుసలో పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని దైవప్రవక్త (స) తాను చేయిస్తున్న నమాజునే కుదించేవారు. అలాంటప్పుడు నీ బిడ్డ దగ్గు విని నువ్వు ఖుర్ఆన్ మూసి లేవడాన్ని లోటుగా ఎందుకు లెక్కిస్తావు? ఫర్జ్ నమాజును మాత్రం వదలకు. బట్ట తడిస్తే ఆ చోటు కడుక్కో, లేదా నమాజుకు ఒక జత వేరుగా పెట్టుకో. "ఏం పాపం చేశావో" అనే చుట్టాల మాటలను చెవిన పెట్టకు. బిడ్డ నిర్దోషి, నువ్వు పరీక్షలో ఉన్నదానివి.

అయితే ప్రేమ ఒక్కటే చాలదు. ప్రతి పనినీ చక్కగా, నేర్పుగా చేయడాన్ని అల్లాహ్ విధిగా చేశాడని ప్రవక్త (స) బోధించారు. సేవ కూడా నేర్చుకోవలసిన విద్యే. ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి పంపే రోజున నర్సమ్మ చేసి చూపించే పనిని చూసి వచ్చేయవద్దు. ఆమె ఎదుటే నీ చేత్తో చేసి, సరిగా వచ్చిందని అనిపించుకుని రావాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా అది నేర్పించాలి.

గొట్టంతో పోసేటప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టరాదు. తల, ఛాతీ ఎత్తులో ఉండాలి. పోసిన తరువాత కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. గొట్టం తన చోటనే ఉందో లేదో ప్రతిసారీ ముందే చూసుకోవాలి. దగ్గినా, పెదవులు నీలమైనా వెంటనే ఆపాలి. కదలలేని బిడ్డను రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మన ఎండాకాలంలో చెమటకు ఒరిసి పుండ్లు తొందరగా పడతాయి. మడమలూ, తుంటీ, తల వెనుక భాగమూ రోజూ చూడాలి.

మూర్ఛ వస్తే మన పల్లెల్లో తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. ఇనుముకు మూర్ఛను ఆపే శక్తి లేదు, చెంచాతో పళ్ళు విరుగుతాయి. బిడ్డను పక్కకు తిప్పండి, గడియారం చూడండి. నోట్లో నీళ్ళతో సహా ఏమీ పోయవద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. తాయెత్తు కట్టించి మాత్రలు ఆపినవారిని నేను చూశాను. వైద్యం చేయించుకోమని ఆదేశించినది ప్రవక్త (స) వారే. దుఆ చేయండి, మందూ వేయండి.

తల్లి శరీరానికీ హక్కు ఉంది. రాత్రంతా మేలుకుని, నడుము విరిగేలా బిడ్డను ఎత్తే మనిషి ఎన్నేళ్ళు నిలబడుతుంది? ఇక్కడే మహల్లా బాధ్యత మొదలవుతుంది. క్రీ.శ. 707 ప్రాంతంలో ఖలీఫా వలీద్ ఇబ్న్ అబ్దుల్ మలిక్ దమస్కస్‌లో కుష్ఠు రోగులకు భత్యాలు నిర్ణయించి, నడవలేని ప్రతి ఒక్కరికీ ఒక సేవకుడినీ, ప్రతి అంధునికీ చేయి పట్టి నడిపించేవాడినీ ఏర్పాటు చేశాడని చరిత్రకారులు రాశారు. రోగిని చూసి "సబ్ర్ చేయమ్మా" అని చెప్పి వచ్చేసే మనకు ఇందులో పాఠం లేదా?

గండికోటలో జామియా మసీదుకు సమీపంలోనే పెద్ద ధాన్యాగారం ఉంది. కరువు వచ్చాక వెతుక్కోవడం కాదు, ముందే కూడబెట్టి ఉంచడం ఆ కట్టడం పని. మన మసీదుల బైతుల్‌మాల్ కూడా అలా ఉండాలి. గొట్టాలు, కఫం లాగే యంత్రం, గాలి పరుపు వంటివి కొని ఉంచి అవసరమైన ఇంటికి ఇవ్వవచ్చు. కుటుంబం అర్హులైతే జకాత్ సొమ్ము వారికే చెందుతుంది. సదరం ధ్రువపత్రం కోసం బిడ్డను మోసుకుని ఎన్నిసార్లు తిరగాలో ఆ తల్లినడగండి. యువకులు ఇద్దరు ఆటో మాట్లాడి తోడు వెళ్ళినా అది సేవే. 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛనును 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛనును 15,000 రూపాయలకు పెంచింది. కాగితం లేక అది అందని ఇల్లు మన వీధిలో ఉంటే అడగవలసింది మనల్నే.

ఆ సమావేశంలోనే ఇద్దరు సోదరీమణులు లేచారు. నర్సమ్మ దగ్గర గొట్టం పని తామూ నేర్చుకుంటామనీ, సోమ, గురువారాల్లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా బిడ్డ దగ్గర కూర్చుంటామనీ అన్నారు. ఆ తల్లి ముందు నమ్మలేదు. తరువాత, "మొదటి రోజు నేను నిద్రపోతాను, ఏమీ అనుకోకండి" అంది.