సూర్యుడు అస్తమించే వరకు



నిర్గమకాండం 17వ అధ్యాయంలో ఒక యుద్ధం ఉంది. రెఫీదీములో అమాలేకీయులు వచ్చి పడినప్పుడు యెహోషువ కింద పోరాడుతుంటే, మోషే కొండమీద చేతులెత్తి నిలిచాడు. చేతులు పైకి ఉన్నంతసేపు ఇశ్రాయేలుది పైచేయి. అవి దిగితే శత్రువుది. మోషే అప్పటికే వృద్ధుడు. ఫరో ఎదుట నిలిచేనాటికే ఆయనకు 80 ఏళ్లని అదే గ్రంథం చెబుతోంది. చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు ఏం చేశారో గమనించండి. ముందు ఒక రాయి తెచ్చి ఆయనను కూర్చోబెట్టారు. ఆ తరువాత చెరొక పక్క నిలిచి చేతులు పట్టుకున్నారు. ఎంతసేపు? సూర్యుడు అస్తమించే వరకు.

ప్రార్థన గొప్పతనం గురించి ఈ ఘట్టాన్ని చాలాసార్లు విన్నాం. ఈ వారం ఆ రాయి గురించి, ఆ ఇద్దరు మనుషుల గురించి, ఆ ఒక్క పగటి గురించి ఆలోచిద్దాం.

చేవెళ్ల, మొయినాబాదు వైపు ఒక ఇంటిని తలచుకోండి. ఎవరో ఒకరి ఇల్లు కాదు, అలాంటివి మీ వీధిలోనే ఉంటాయి. తెల్లవారకముందే లేచి కూరగాయలో, పూలో కోసి పట్నం మార్కెట్టుకు పంపాలి. కొడుకు బస్సెక్కి నగరంలో పనికి పోతాడు. పిల్లలు బడికి పోతారు. కోడలు కూలికో, బడిలో ఆయా పనికో పోవాలి. తొమ్మిది గంటలకు ఇంట్లో మిగిలేది నాయనమ్మ ఒక్కతే. పొయ్యి ఆర్పిందో లేదో ఆమెకు గుర్తుండదు. ఒక్కోరోజు గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోతుంది. అది బీజాపూరు రోడ్డు! లారీల సంగతి మీకు చెప్పనక్కరలేదు. చివరకు కోడలు పని మానేస్తుంది. ఇంటికి ఒక జీతం పోతుంది. ఆ కోడలికి బయటి లోకమూ పోతుంది.

మొదటి శుక్రవారం విచారణ గురువులు దివ్యసత్ప్రసాదం తీసుకొని ఆ ఇంటికి వెళతారు. మంచంలో ఉన్నామెను అందరూ పలకరిస్తారు, మంచిదే. మంచినీళ్ల గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలిని ‘నీ ఒంట్లో ఎలా ఉందమ్మా?’ అని అడిగేవారెవరు? నెలల తరబడి రాత్రిళ్లు కంటినిండా నిద్ర లేదు. ఎత్తి కూర్చోబెట్టి, దింపి, నడుము పట్టేసింది. ఒకే ప్రశ్నకు పొద్దుటి నుండి ఇరవైసార్లు జవాబు చెప్పింది. ఇరవై ఒకటోసారి కసురుకుంది. తరువాత చాటుగా ఏడ్చింది. ఆమెకు ‘ఓపిక పట్టు తల్లీ’ అని ఉపదేశించడం తేలిక. కానీ అహరోను, హూరు మోషేకు ఓపిక గురించి ఉపదేశం చెయ్యలేదు, రాయి తెచ్చి వేశారు.

సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం తీసి చదవండి. తండ్రికి మతి తప్పినా సరే ఆయన పట్ల దయగా ఉండమని ఆ జ్ఞాని తన కాలపు కొడుకులకు చెప్పాడు. డిమెన్షియా అనే పేరు మనకు కొత్త కావచ్చు, ఆ బాధ రెండువేల ఏళ్ల కిందటే ఇళ్లలో ఉంది. తేడా ఏమిటంటే, అప్పటి పెద్ద కుటుంబంలో కనిపెట్టుకోవడానికి పది చేతులుండేవి. ఇప్పుడు ఉన్నవి రెండు, అవి కూడా చాలావరకు ఒక స్త్రీవి.

వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం అనేది ఈ ఇబ్బందికి పుట్టిన ఏర్పాటు. ఇది వృద్ధాశ్రమం కాదు. పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి తమ ఇంటికి, తమ మంచానికి పోయే చోటు. 1950లలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో లయొనెల్ కాసిన్ అనే వైద్యుడు వృద్ధుల కోసం పగటి ఆసుపత్రి నడిపాడు. కేరళలో పంచాయతీలు ఇలాంటి వాటిని ‘పగల్ వీడు’ అని పిలుస్తాయి. పగటి ఇల్లు అన్నమాట! ఇంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు. మన కేంద్రప్రభుత్వం 1992లో వృద్ధుల కోసం ప్రారంభించిన పథకంలోనూ పగటి కేంద్రాలకు చోటు కల్పించారు. పగలంతా ఒంటరిగా మంచంలో కునికిన మనిషికి రాత్రి నిద్ర పట్టదు. పగలు నలుగురి మధ్య కూర్చుని, కాస్త నడిచి, మాట్లాడి వస్తే రాత్రి పడుకుంటారు. వారితోపాటు ఇల్లంతా పడుకుంటుంది.

‘కన్నతల్లిని ఎవరికో అప్పగించి వస్తే నలుగురూ ఏమనుకుంటారు?’ అని మీరు అడుగుతారు. లూకా సువిశేషంలోని మంచి సమరీయుని చూడండి. గాయపడిన వానిని తానే ఎత్తుకుని, గాయాలు కట్టి, ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు రెండు దీనారాలు సత్రం యజమాని చేతిలో పెట్టి తన పని మీద వెళ్లాడు. ప్రభువు దానిని తప్పుగా చెప్పలేదు సరికదా, వెళ్లి నీవూ అలాగే చెయ్యమన్నాడు. అయితే ఒక సంగతి ఉంది. ఆ సమరీయుడు తిరిగి వస్తానని, పైన ఖర్చయితే ఇస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. పగటి ఇంటికీ ఇదే షరతు. తిరిగి రాని కొడుకు చేతిలో ఏ మంచి ఏర్పాటైనా పెద్దలను పడేసే గోదాముగా మారిపోతుంది. ఆ భయం నిజమైనదే, నేను దాన్ని తేలికగా తీసుకోను.

మార్కు సువిశేషం 7వ అధ్యాయంలో ప్రభువు మరో రకం వారిని గట్టిగా మందలించాడు. తల్లిదండ్రులకు చెందవలసిన దానిని ‘కొర్బాను’ అని, అంటే దేవునికిచ్చేశామని చెప్పి తప్పించుకునేవారు వారు. పండుగకు గుడి నిండా రంగుదీపాలు వేయించి, ఆ గుడి మెట్లకు పట్టుకునే కడ్డీ వేయించని విచారణలు ఈ అధ్యాయాన్ని మరొకసారి చదువుకోవాలి. ఫ్రాన్సిస్ పోపు గారు 2021లో, జూలై నాలుగవ ఆదివారాన్ని తాతయ్యలు, నాయనమ్మలు, వృద్ధుల దినంగా స్థాపించారు. ఆ ఆదివారం శాలువా కప్పి ఫోటో దిగుతాం. సోమవారం సంగతి ఏమిటి?

చట్టం ఉంది కదా అనవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. పట్టించుకోని పిల్లలపై వృద్ధులు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆపద వేళ 14567 నంబరుకు ఫోను చెయ్యవచ్చు, ఖర్చు లేదు. నయంకాని జబ్బులతో బాధపడేవారికి ఉపశమనం కోసం తెలంగాణ ప్రభుత్వం ‘ఆలన’ పేరుతో నడిపిన సేవ చేవెళ్లకు కూడా వచ్చింది. ఇవన్నీ మీ పొరుగువారికి చెప్పండి. అయితే పొద్దున పది గంటలకు నాయనమ్మ పక్కన కూర్చునే మనిషిని ఏ ట్రిబ్యునల్ పంపుతుంది?

గుడి పక్కన హాలు ఉన్న ప్రతి విచారణనూ ఒక మాట అడుగుతున్నాను. ఆదివారం తప్ప తక్కిన ఆరు రోజులు ఆ హాలు ఎందుకు తాళం వేసి ఉంది? వారానికి రెండు రోజులతో మొదలుపెట్టవచ్చు. జారని నేల, కడ్డీ ఉన్న మరుగుదొడ్డి, నాలుగు మంచాలు, బి.పి. చూసే యంత్రం, దాన్ని వాడటం తెలిసిన ఒక నర్సమ్మ చాలు. మధ్యాహ్నం మెత్తటి అన్నం, పదకొండుకు రాగి జావ. మరియదళం వారు, విన్సెంట్ డి పాల్ సభవారు వంతులు వేసుకోవచ్చు. యువకులు ఆటో ఎక్కించి దించవచ్చు. జపమాల చెప్పుకునేవారు చెప్పుకుంటారు, పాత ముచ్చట్లు చెప్పుకునేవారు చెప్పుకుంటారు. తలుపు దగ్గర ఎవరినీ జ్ఞానస్నాన పత్రం అడగవద్దు. హిందువుల ఇళ్లలోనూ, ముస్లిముల ఇళ్లలోనూ ఇదే అలసట ఉంది.

మొదట్లో పెద్దలు ఇష్టపడరు. ఇంటికి పోతానంటారు. కాబట్టి మొదటి వారం రెండు గంటలు చాలు, ఇంటి మనిషి ఒకరు పక్కనే కూర్చోవాలి. పంపేటప్పుడు కళ్లద్దాలు, చేతికర్ర, మందుల చీటీ, రోజూ తాగే గ్లాసు మరచిపోకండి. కొత్త గ్లాసులో నీళ్లు తాగని వారుంటారు. సాయంత్రం ఎన్ని గంటలకు, ఎవరు వచ్చి ఇంటికి తీసుకుపోతారో ఆ పేరు పొద్దున్నే పుస్తకంలో రాయించాలి.