పుస్తకంలోని నియమం – ఆడేచోటి నియమం



కిందటి క్రిస్మస్ పండుగకు మా తమ్ముళ్లిద్దరి కుటుంబాలు మా ఇంట్లో కలిశాయి. ఇద్దరు తమ్ముళ్లకూ చెరో కొడుకు. పెద్దవాడు అమెరికాలో చదువుకుంటున్నాడు. చిన్నవాడికి హైదరాబాదులో ఉద్యోగం. చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిని, ఒకే చాప మీద పడుకున్న అన్నదమ్ములు. పండుగ ముందు రోజు సాయంత్రం ఇద్దరూ సరదాగా బజారులోని పూల్ ఆటశాలకు వెళ్లారు. ఓడినవాడు అందరికీ బిర్యానీ తెప్పించాలన్నది పందెం. తిరిగి వచ్చేసరికి ఇద్దరికీ మాటల్లేవు. అర్ధరాత్రి పూజకు ఒకడు కుడి వైపు బల్లలో, మరొకడు ఎడమ వైపు బల్లలో కూర్చున్నాడు. మరునాడు భోజనాల దగ్గర కూడా ఎడమొగం, పెడమొగం. విషయం ఏమిటని అడిగితే, “అన్నయ్య నన్ను మోసగాడన్నాడు పెదనాన్నా!” అన్నాడు చిన్నవాడు కళ్ల నీళ్లు పెట్టుకుని.

జరిగింది ఇది. ఆ ఆటను ‘ఎయిట్ బాల్’ అంటారు. బల్ల మీద తెల్ల బంతి కాక 15 బంతులుంటాయి. ఒకటి నుంచి ఏడు వరకు నిండు రంగువి. తొమ్మిది నుంచి పదిహేను వరకు చారలవి. ఎనిమిదో నెంబరు బంతి నల్లది. ఒకరు నిండు రంగు బంతులను, మరొకరు చారల బంతులను పాకెట్లలో వేయాలి. తన ఏడు బంతులూ అయిపోయాక నల్ల బంతిని వేసినవాడే విజేత. ఆట మొదలుపెడుతూ గుంపుగా ఉన్న బంతులను చెదరగొట్టడాన్ని బ్రేక్ అంటారు. చిన్నవాడు బ్రేక్ కొట్టగానే నల్ల బంతి నేరుగా పాకెట్‌లో పడింది. “నేను గెలిచాను” అన్నాడు వాడు. “అదేం లేదు, బంతిని తీసి మళ్లీ పెట్టాల్సిందే. ఇదేం మోసం?” అన్నాడు పెద్దవాడు.

ఇద్దరిలో ఎవరిది న్యాయం? చిత్రమేమంటే, ఇద్దరూ చెప్పిన నియమాలు నిజంగా ఉన్నవే. ప్రపంచ పూల్ సంఘం నియమావళి ప్రకారం బ్రేక్‌లో నల్ల బంతి పడితే గెలుపూ కాదు, ఓటమీ కాదు. కొట్టినవాడు దాన్ని తిరిగి దాని చోట పెట్టి ఆట కొనసాగించవచ్చు, లేదా మళ్లీ బ్రేక్ చేయవచ్చు. కాని అమెరికాలో బార్లలో ఆడేవారు చాలామంది అది గెలుపేనంటారు. తేడాలు అంతటితో ఆగవు. తెల్ల బంతి పాకెట్‌లో పడితే ప్రత్యర్థి దాన్ని బల్ల మీద ఎక్కడైనా పెట్టుకుని కొట్టవచ్చునని పుస్తకం చెబుతుంది. బార్లలో గీత వెనుక నుంచి మాత్రమే కొట్టాలంటారు. ఇంగ్లండు పబ్బులలో అయితే ప్రత్యర్థికి రెండు అవకాశాలిస్తారు. ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తావో ముందే చెప్పాలని పుస్తకం అంటుంది. కొన్నిచోట్ల ఎలా పడినా పడినట్టే. మరికొన్నిచోట్ల పుస్తకం కంటే కఠినంగా, బంతి ఏ గోడకు తగిలి వెళ్తుందో కూడా ముందే చెప్పమంటారు.

బార్లలో ఆడేవారు తెలియనివారనీ, పుస్తకం చూసేవారు తెలిసినవారనీ అనుకోవడం తొందరపాటు. బార్లలోని బల్లలు చాలావరకు నాణెం వేస్తే పనిచేసేవి. పాకెట్‌లో పడిన రంగు బంతి లోపలే ఉండిపోతుంది. మళ్లీ నాణెం వేసేదాకా బయటికి రాదు. అలాంటి బల్ల మీద ‘నల్ల బంతిని తీసి మళ్లీ పెట్టు’ అనే నియమం ఎలా నడుస్తుంది? ఆట అక్కడితో ముగిసిందనుకోవడమే సులువు. అంటే ఆ వాడుక అజ్ఞానం వల్ల పుట్టింది కాదు, ఉన్న పరిస్థితికి తగ్గట్టు జనం చేసుకున్న సర్దుబాటు.

ఇక పుస్తకంలోని నియమాలు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? పూల్‌కు దగ్గర చుట్టమైన స్నూకర్ మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ ఛాంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి, ఆయన తోటివారు వాన రోజుల్లో కాలక్షేపానికి పాత ఆటకు కొత్త రంగు బంతులు కలిపి ఆడుకున్నారు. (ఈయనా, తరువాతి కాలంలో ఇంగ్లండు ప్రధాని అయిన ఛాంబర్లేనూ ఒకరు కారు.) 1882లో ఊటీ క్లబ్బులో ఆ ఆటకు నియమాలు రాసి గోడకు తగిలించారు. నలుగురు మిత్రుల మధ్య వాడుకగా మొదలైనదే తరువాత లోకమంతటికీ చట్టమైంది. మన ఇళ్లలో క్యారమ్స్ ఆడేటప్పుడు రెడ్ గురించీ, ఫైన్ గురించీ ఒక్కో వీధిలో ఒక్కో పద్ధతి ఉండటం మనకు తెలియనిదా?

నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన అది అందరినీ కట్టిపడేయదు. టోర్నమెంటులో పేరు ఇచ్చినవాడు ఆ పుస్తకానికి తల ఒగ్గినట్టే, కాబట్టి అక్కడ అదే చట్టం. స్నేహితుల మధ్య ఆటలో వారు ఒప్పుకున్నదే చట్టం. ఏమీ అనుకోకుండా ఆట మొదలుపెడితే? అప్పుడు ఆ చోటి వాడుకను గౌరవించడం మర్యాద.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తుకొస్తుంది. నాలుగవ శతాబ్దం చివరిలో పునీత మోనికమ్మ ఆఫ్రికా నుంచి మిలాను నగరానికి వచ్చింది. అక్కడి సంఘంలో శనివారం ఉపవాసం ఉండకపోవడం చూసి, ఏది సరైనదో తేలక కలవరపడింది. కుమారుడు అగుస్తీను ఆమె తరఫున వెళ్లి మేత్రాణులైన పునీత అంబ్రోసు వారిని అడిగాడు. తాను రోములో ఉన్నప్పుడు శనివారం ఉపవాసం ఉంటాననీ, మిలానులో ఉన్నప్పుడు ఉండననీ, ఏ సంఘానికి వెళ్తే ఆ సంఘపు ఆచారాన్ని పాటించడం మంచిదనీ ఆయన చెప్పారు. ఎవరికీ ఆటంకం కలిగించకుండా, ఎవరి వల్లా ఆటంకపడకుండా ఉండటానికి అదే దారి అన్నది ఆయన భావం. అగుస్తీను ఈ సంగతిని తన లేఖలలో రాసుకున్నాడు. ఉపవాసమంతటి గంభీరమైన విషయంలోనే ఆ మహానుభావుడు ఇంత ఉదారంగా ఉంటే, నల్ల బంతి విషయంలో మనం పంతానికి పోవడం ఎందుకు?

అయితే ‘ఎక్కడి నియమం అక్కడే’ అని చెప్పి చేతులు దులుపుకోలేం. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది, ఫలితం చూశాక నియమాన్ని ఎంచుకోవడం. బంతి పడకముందు ఏ నియమమైనా న్యాయమే కావచ్చు. పడిన తరువాత మనకు లాభించే నియమాన్ని వెతుక్కుంటే మాత్రం మంచి నియమం కూడా మోసానికి ముసుగవుతుంది. కనుక ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను. “ఒరే, నల్ల బంతి అవతలివాడి దెబ్బకు పడి ఉంటే, మీరు ఇదే మాట అనేవారా?”

రెండవది ఇంకా లోతైనది. ‘ఇద్దరూ ఒప్పుకున్నారు కదా’ అన్న మాట ప్రతిచోటా చెల్లదు. పూల్ బల్ల దగ్గర ఇద్దరి చేతుల్లోనూ సమానమైన కర్రలున్నాయి. నచ్చకపోతే కర్ర పక్కన పెట్టి ఇంటికి పోవచ్చు. కాని జీవితంలో అన్ని బల్లలూ అలాంటివి కావు. వరకట్నం నిషేధమని 1961 నుంచి చట్టం చెబుతూనే ఉంది. ‘మా వైపు ఆచారం ఇంతే’ అని వాడుక మరో మాట చెబుతూనే ఉంది. ఆడపిల్ల తండ్రి తల ఊపాడంటే అది ఒప్పుకోలు కాదు, నిస్సహాయత. పొద్దున్న మాట్లాడిన కూలి సాయంత్రానికి తగ్గించి, ‘ఇక్కడ పద్ధతి ఇదే’ అంటే, చీకటి పడ్డాక ఆ కూలివాడు ఎక్కడికి పోతాడు? కాదనే స్వేచ్ఛ లేనివాడి మౌనాన్ని సమ్మతిగా లెక్కకట్టడం పాపం. అలాంటిచోట రాసి ఉన్న చట్టమే బలహీనుడికి అండ. వాడుక మనుషులను దగ్గర చేస్తున్నంతవరకు గౌరవించాలి. ఒకరిని తొక్కడం మొదలుపెడితే దాన్ని కాదని నిలబడాలి.

పిల్లల సంగతికి వస్తే, నా ప్రశ్నకు ఇద్దరూ చాలాసేపు నేల చూపులు చూశారు. చివరికి చిన్నవాడే నోరు విప్పాడు. “నిజం చెప్పాలంటే, అన్నయ్య కొట్టి ఉంటే నేనూ బంతి తీసి మళ్లీ పెట్టమనేవాణ్ణే, పెదనాన్నా.” ఆ మాట వినగానే పెద్దవాడి ముఖం మారిపోయింది. “అక్కడ ఆటకు ముందు నియమాలు అడిగి తెలుసుకోవడం నాకు అలవాటు. ఇక్కడ తమ్ముడితోనే కదా అని అడగలేదు. తప్పు నాది. ఆ మాట అనకుండా ఉండాల్సింది” అన్నాడు. బిర్యానీ ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకున్నారు. మోసగాడన్న మాట చిన్నవాడి మనసులోంచి పూర్తిగా పోవడానికి మరికొన్నాళ్లు పడుతుందేమో. మాట పాకెట్‌లో పడిన బంతి కాదు కదా, తీసి మళ్లీ చోటులో పెట్టడానికి.

‘తమ్ముడితోనే కదా’ అని పెద్దవాడు అన్న మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పరాయివారితో అన్నీ ముందే మాట్లాడుకుంటాం. మనవారితో మాత్రం ‘చెప్పాలా ఏమిటి, అర్థం చేసుకోరా’ అనుకుంటాం. అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు, బావమరిదికి అప్పు ఇచ్చేటప్పుడు, ముసలి తల్లిని ఎవరింట ఎన్నాళ్లు ఉంచుకోవాలో అనుకునేటప్పుడు ఎవరి నియమం వారి మనసులోనే ఉంటుంది. నల్ల బంతి పడ్డాక గాని రెండు నియమాలున్నాయని తెలియదు. అప్పటికి ‘మోసం’ అన్న మాట నాలుక చివరికి వచ్చేసి ఉంటుంది.

కాబట్టి సోదరీ సోదరులారా, ఆటకు ముందు ఒక్క నిమిషం ఆగి అడుగుదాం: “మీ దగ్గర ఎలా ఆడతారు?” ఈ ప్రశ్న అపనమ్మకానికి గుర్తు కాదు. ఎదుటివాడికి కూడా ఒక పద్ధతి ఉంటుందని గుర్తించడమే అందులోని ప్రేమ.